షాక్ వేవ్‌తో రాయి పగిలింది, ముక్కలు మాత్రం దిగలేదు: రెండో సిట్టింగ్‌కు వెళ్లాలా?

అర్ధరాత్రి_నొప్పి
నా ఎడమ మూత్రపిండంలో 11 మిల్లీమీటర్ల రాయి ఉన్నట్టు రెండు నెలల క్రితం సీటీ స్కాన్‌లో బయటపడింది. కోత ఉండదు, లోపలికి గొట్టం వెళ్లదు, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు అని చెప్పి, బయటి నుంచి ఒత్తిడి తరంగాల దెబ్బలతో రాయిని పగలగొట్టే షాక్ వేవ్ చికిత్స చేశారు. ముప్పావు గంట పాటు బల్ల మీద కదలకుండా పడుకున్నాను. నడుము పక్కన ఎవరో రబ్బరు బ్యాండు లాగి వదులుతున్నట్టు మొత్తం 2500 దెబ్బలు పడ్డాయని తర్వాత కాగితంలో చూసుకున్నాను. రెండు రోజులు మూత్రం ఎర్రగా వచ్చింది, కొంత ఇసుక పడింది, ఇక అంతే. నాలుగు వారాలు గడిచాక నిన్న తీసిన ఎక్స్-రేలో 6 మిల్లీమీటర్ల ముక్క ఒకటి, 4 మిల్లీమీటర్ల ముక్కలు రెండు ఉన్నచోటే కూర్చుని ఉన్నాయి. ఇంకొకసారి చేద్దామని డాక్టరు గారు అంటున్నారు. మొదటే మూత్రమార్గం గుండా గొట్టం పంపి చేసే లేజర్ చేయించుకుని ఉంటే ఈపాటికి పీడ విరగడయ్యేదని మా బావగారు రోజూ దెప్పుతున్నారు. ఒకసారికి లొంగని రాయి రెండోసారికి లొంగుతుందా, లేక నేను మరో నెల వృథా చేసుకోబోతున్నానా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గులకరాయి
దెబ్బలు 2500 అని కాగితం చూస్తే గాని మీకు తెలియలేదంటే నొప్పి మందు బాగానే పనిచేసినట్టుంది. నేను నలభై వరకు లెక్కపెట్టి నిద్రపోయాను.

తరంగిణి
నేను తొమ్మిదేళ్లుగా ఈ యంత్రం దగ్గరే టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నకు జవాబు మీ మొదటి సీటీ రిపోర్టులో ఉంటుంది కాబట్టి మూడు సంగతులు చూసి చెప్పండి. రాయి మూత్రపిండంలో పైభాగంలో ఉందా, మధ్యలో ఉందా, కింది గదిలో ఉందా? దాని సాంద్రత ఎన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అని రాశారు? చర్మం నుంచి రాయి దాకా ఎంత దూరం ఉందని రాశారు? రాయి ఎన్ని మిల్లీమీటర్లన్నది అందరూ చెబుతారు గాని, ఈ మూడింటినీ ఎవరూ అడగరు.

ఎర్రసిరా
అవన్నీ చూడనక్కర లేదు. షాక్ వేవ్ అనేది రోగిని మళ్లీ మళ్లీ రప్పించే చికిత్స. నాకు 18 మిల్లీమీటర్ల రాయి ఉంటే ఇదే కథ చెప్పి బల్ల మీద పడుకోబెట్టారు. రాయి పగిలిన మాట నిజమే, కానీ ఆ ముక్కలన్నీ మూత్రనాళంలోకి దిగి ఒకదాని వెనక ఒకటి వరస కట్టి దారి మూసేశాయి. దీనికి జర్మన్ భాషలో స్టైన్‌స్ట్రాసె, అంటే రాళ్ల వీధి, అని ఒక పేరు కూడా ఉందట. పేరు పెట్టేంత మామూలు సంగతి అయినప్పుడు నాకు ముందే చెప్పవలసింది. ఐదో రోజు రాత్రి చలి, జ్వరం మొదలైతే అప్పటికప్పుడు స్టెంటు, అంటే మూత్రం దిగడానికి మూత్రనాళంలో ఉంచే సన్నని గొట్టం, వేశారు. చివరకు లేజరే గతి అయింది.

స్టెతస్కోపు
యూరాలజీలో శిక్షణలో ఉన్నాను. ఎర్రసిరా గారికి జరిగింది బాధాకరమే గాని, దాని నుంచి తీసిన తీర్పు సరికాదు. రాయి పెద్దదయ్యే కొద్దీ రాళ్ల వీధి ఏర్పడే అవకాశం పెరుగుతుంది. అందుకే 20 మిల్లీమీటర్లు దాటిన రాయికి షాక్ వేవ్‌ను మొదటి ఎంపికగా చెప్పరు. వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీసే పద్ధతే మేలు. 10 మిల్లీమీటర్ల లోపు రాయికి మాత్రం ఇది ఇప్పటికీ మంచి మార్గమే. 10కీ 20కీ మధ్య ఉన్నవాటి దగ్గరే అసలు వివాదమంతా ఉంది, మీ 18 ఆ గీత చివరన ఉన్నది. ఈ చర్చ చదివే వారందరికీ ఒక మాట చెప్పాలి: రాయి అడ్డుపడి ఉండగా చలితో జ్వరం వస్తే అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు. అడ్డు వెనక నిలిచిన మూత్రంలో చీము చేరితే గంటల్లోనే ప్రాణం మీదకు వస్తుంది, కాబట్టి వెంటనే స్టెంటు గాని, వీపు నుంచి గొట్టం గాని వేసి ఆ మూత్రాన్ని బయటకు వదలాలి. మీకు ఆ రాత్రి సరైన పనే చేశారు.

ఎర్రసిరా
ఆ రాత్రి చేసినది సరైనదే, నేను కాదనలేదు. పగలు చేసినది సరైనదా అన్నది నా ప్రశ్న.

అర్ధరాత్రి_నొప్పి
తరంగిణి గారు అడిగిన రిపోర్టు తీసి చూశాను. రాయి ఎడమ మూత్రపిండం కింది గదిలో ఉంది. సాంద్రత 1250 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లని రాశారు. చర్మం నుంచి దూరం ఎక్కడా రాయలేదు గాని, సీటీ తీసిన చోటికే నిన్న వెళ్లి అడిగితే కొలిచి 10.5 సెంటీమీటర్లని చెప్పారు. ఈ అంకెలు మంచివో చెడ్డవో నాకు తెలియదు.

తరంగిణి
మూడింటికి మూడూ మీకు వ్యతిరేకంగానే ఉన్నాయి. హౌన్స్‌ఫీల్డ్ అనేది సీటీలో సాంద్రతను కొలిచే లెక్క. నీటికి అది సున్నా. రాయి 1000 దాటితే షాక్ వేవ్‌కు పగలడం కష్టమని మా అనుభవం, ప్రచురితమైన పరిశీలనలు కూడా అదే చెబుతున్నాయి. దూరం 10 సెంటీమీటర్లు దాటితే తరంగం దారిలోనే కొంత శక్తి పోగొట్టుకుంటుంది. ఇక కింది గది సంగతి వేరే. పైగదిలో పగిలిన ముక్క తన బరువుతో తానే కిందికి జారుతుంది, కింది గదిలోని ముక్క మాత్రం పైకెక్కి బయట పడాలి. బావిలో రాయిని పగలగొట్టినంత మాత్రాన ముక్కలు ఒడ్డుకు రావు కదా.

భౌతికం_మాస్టారు
బావి పోలిక బాగుంది, దానికి నేను తరంగాల భాగాన్ని కలుపుతాను. చాలామంది ఇది విద్యుత్ షాకు అనుకుంటారు. పాత తరహా యంత్రంలో నీటి అడుగున ఒక విద్యుత్ రవ్వ పుట్టించే మాట నిజమే గాని, శరీరంలోకి వెళ్లేది విద్యుత్తు కాదు, ఒత్తిడి తరంగం. అర్ధ దీర్ఘవృత్తాకారపు లోహపు గిన్నెకు రెండు నాభులు, అంటే తరంగాలు కూడుకునే బిందువులు, ఉంటాయి; ఒక నాభి దగ్గర రవ్వ పుడితే, గిన్నె గోడల నుంచి పరావర్తనమైన తరంగమంతా రెండో నాభి దగ్గర కూడుకుంటుంది. రోగి రాయి సరిగ్గా ఆ రెండో నాభిలో ఉండేలా బల్లను జరుపుతారు. నీటిలోనూ మాంసంలోనూ ధ్వని దాదాపు ఒకే తీరుగా ప్రయాణిస్తుంది కాబట్టి చర్మాన్నీ కండరాన్నీ పెద్దగా బాధించకుండా తరంగం లోపలికి సాగిపోతుంది. రాయి దగ్గరకు రాగానే మాధ్యమం మారిపోతుంది.

పగిలే తీరు ఒకటి కాదు. తరంగం ముందు రాయి ముఖాన్ని నొక్కుతుంది. రాయిలోంచి సాగి వెనక గోడకు తగిలి వెనుదిరిగేటప్పుడు ఆ నొక్కుడే లాగుడుగా మారుతుంది. రాయి నొక్కుడును ఎంతైనా ఓర్చుకుంటుంది గాని, లాగుడును ఓర్చుకోలేదు. అందుకే వెనక వైపు నుంచి పెచ్చులు లేస్తాయి. రెండో తీరులో, తరంగం తోకలో ఉండే తక్కువ ఒత్తిడి వల్ల రాయి చుట్టూ సన్నని బుడగలు పుట్టి, మరుక్షణమే కూలిపోతూ రాయి ఉపరితలాన్ని గుంటలు గుంటలుగా తొలుస్తాయి. తరంగం రాయి వెడల్పు కన్నా విశాలంగా ఉంటే చుట్టూరా నొక్కి కూడా దాన్ని చీలుస్తుంది. ఒక్కొక్క దెబ్బ చేసేది చాలా తక్కువ; వేల దెబ్బలకు పగుళ్లు పెరిగి పెరిగి ఒకదాన్నొకటి కలుసుకుంటాయి.

గులకరాయి
మాస్టారు గారూ, పరీక్షలో ఇది ఎన్ని మార్కుల ప్రశ్న?

భౌతికం_మాస్టారు
రాయి ఉన్నవారికి పది మార్కులు, లేనివారికి రెండు. హాస్యం పక్కన పెడితే ఈ చికిత్స పుట్టుక కూడా చిత్రమైనదే. డోర్నియర్ అనే జర్మన్ విమాన సంస్థ, అతివేగంగా ఎగిరే విమానాలకు వర్షపు చినుకులు తగిలినప్పుడు లోహంలో పుట్టే షాక్ తరంగాలను పరిశోధిస్తూ, అవి లోపలి దాకా ప్రయాణిస్తాయని గమనించింది. అదే దారిలో మ్యూనిక్‌లో వైద్యులతో కలిసి పనిచేయగా, క్రిస్టియన్ షౌసీ బృందం 1980 ఫిబ్రవరి 7న మొదటి రోగికి ఈ చికిత్స చేసింది. 1984 చివర్లో అమెరికాలో దీనికి అనుమతి వచ్చింది. అంతకు ముందు పెద్ద రాయికి చాలావరకు పక్క కోసి తీయడమే మార్గం.

పాతకాపు
ఆ మొదటి తరం యంత్రంలో 1987లో చికిత్స చేయించుకున్నవాణ్ణి నేను. అప్పుడు బల్ల లేదు, పెద్ద స్టీలు నీళ్ల తొట్టి ఉండేది. వెన్నులో మత్తు ఇచ్చి, కుర్చీలాంటి దానికి కట్టి, భుజాల దాకా గోరువెచ్చని నీళ్లలోకి దించారు. ఒక్కొక్క దెబ్బా నా గుండె కొట్టుకోవడానికి సరిపెట్టి పడేది. గుండె లయ తప్పకుండా ఉండడానికి అలా చేస్తారని చెప్పారు. కాబట్టి నా గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటే పని అంత ఆలస్యం. శబ్దం భరించలేక చెవుల్లో దూది పెట్టారు. అయితే 14 మిల్లీమీటర్ల రాయి ఒకే సిట్టింగ్‌తో పిండి అయిపోయింది, ఇంత వరకు మళ్లీ రాలేదు. ఇప్పటి యంత్రాలు చూడడానికి అందంగా ఉంటాయి గాని, రెండుసార్లు మూడుసార్లు రమ్మంటాయి. దీనికి కారణం ఎవరైనా చెబుతారా?

తరంగిణి
మీరు సరిగ్గానే గమనించారు, పాతకాపు గారు. ఆ తొట్టి యంత్రంతో పోల్చి తరవాతి యంత్రాలు వెనకబడ్డాయని మా రంగంలోనే అంటుంటారు. దాని గురి విశాలంగా ఉండేది, నీళ్లలో మునిగి ఉండడం వల్ల మధ్యలో గాలికి తావుండేది కాదు, మత్తులో ఉన్న రోగి కదిలేవాడు కాదు. తరవాత వచ్చిన యంత్రాల్లో చాలావాటిలో రవ్వకు బదులు విద్యుదయస్కాంతంతోనో, విద్యుత్తు ఇస్తే కంపించే పీజో పలకలతోనో తరంగం పుట్టిస్తారు. వాటిలో పెద్ద మత్తు లేకుండా చేయడానికి గురిని చిన్నది చేసి, శక్తిని అక్కడే కుప్పపోశారు. దానివల్ల చర్మానికి నొప్పి తగ్గింది. కానీ రోగి ఊపిరి తీసినప్పుడల్లా మూత్రపిండం కిందికీ పైకీ జరుగుతుంది కదా, చిన్న గురిలోంచి రాయి తప్పుకొని ఎన్నో దెబ్బలు వృథాగా పోతాయి. మేము రోగికి నెమ్మదిగా, పైపైన ఊపిరి తీసుకోమని చెప్పేది అందుకే.

ఇంకొక చిన్న సంగతి చాలామందికి తెలియదు. తొట్టి పోయి జెల్ వచ్చాక, చర్మానికీ, తరంగాన్ని లోపలికి పంపే యంత్రపు దిండుకీ మధ్య చిక్కుకున్న గాలి బుడగలు తరంగాన్ని అడ్డుకుంటాయి. జెల్‌ను సీసాలోంచి పిండుతూ వంకర గీతలుగా పూస్తే బుడగలు ఎక్కువ చేరతాయి. వెడల్పు మూతి డబ్బాలోంచి ఒకేసారి కుప్పగా వేసి, దిండును దాని మీద నెమ్మదిగా ఆనిస్తే తక్కువ చేరతాయి. మధ్యలో రోగి కాస్త పైకి లేచి మళ్లీ పడుకున్నా, మేము మళ్లీ మొదటి నుంచి పూస్తాం. కొత్తగా చేరినవారికి నేను మొదటి వారం నేర్పేది ఇదొక్కటే.

అర్ధరాత్రి_నొప్పి
నాకు జెల్ ఎలా పూశారో నేను చూడలేదు. దెబ్బలు మాత్రం చాలా నెమ్మదిగా పడ్డాయి. పక్క గదిలో ఉన్నాయన నా తరవాత వెళ్లి నాకన్నా ముందే బయటకు వచ్చాడు.

స్టెతస్కోపు
2500 దెబ్బలను 45 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 55 వస్తాయి. మీ ఆసుపత్రి ఈ విషయంలో తొందరపడలేదని దీన్నిబట్టి చెప్పవచ్చు. నిమిషానికి 120 చొప్పున కొడితే పని సగం సమయంలో ముగుస్తుంది, వరసలో రోగులు ఉన్నప్పుడు ఆ ఆశ పుట్టడం సహజమే. అయితే 60 దగ్గర రాయి మెరుగ్గా పగులుతుందనీ, మూత్రపిండ కణజాలానికి గాయం తక్కువనీ పోల్చి చూసిన పరీక్షల్లో తేలింది. మాస్టారు చెప్పిన బుడగలే దానికి కారణం: ముందు దెబ్బకు పుట్టిన బుడగలు కరిగిపోక ముందే తరవాతి దెబ్బ వస్తే అవి దానికే అడ్డుపడతాయి. అలాగే మొదట తక్కువ శక్తితో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా పెంచితే మూత్రపిండపు రక్తనాళాలు ముడుచుకుని గాయం తగ్గుతుంది.

ఎర్రసిరా
అంటే యంత్రం తప్పు లేదు, నడిపినవారి తప్పు లేదు, రాయిదే తప్పంటారా? రాయికి ముందే తెలుసా తనను ఎక్కడికి తీసుకుపోతున్నారో?

తరంగిణి
రాయి తప్పు కాదు, ఆ రాయిని ఆ బల్ల మీదకు పంపిన నిర్ణయానిది తప్పు. సీటీలో 1250 అని రాసి ఉండగా, కింది గదిలోని 11 మిల్లీమీటర్ల రాయికి ఎన్ని పాళ్లు అవకాశం ఉందో ముందే కూర్చోబెట్టి చెప్పి ఉండవలసింది. ఈ చికిత్సలో సగం ఫలితం రోగి బల్ల ఎక్కక ముందే తేలిపోతుంది. నేను బల్ల దగ్గర ఎంత జాగ్రత్త పడినా ఆ సగాన్ని మార్చలేను.

స్టెతస్కోపు
ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. 11 కాస్తా 6 అయిందంటే రాయి అసలు లొంగలేదని కాదు. గొట్టం లోపలికి పంపడానికి మత్తు అవసరం, దాని తరవాత తరచూ స్టెంటుతో కొన్ని రోజులు గడపాలి; ఇది తప్పించుకోవాలని రోగే ముందుగా షాక్ వేవ్ కోరుకునే సందర్భాలు చాలా ఉంటాయి. ఒకసారి ప్రయత్నిద్దామని చెప్పడం మోసం కాదు. అయితే రెండోసారికి కూడా కింది గది సమస్య అలాగే ఉంటుందని మాత్రం ఒప్పుకుంటాను. ముక్కలు మరింత చిన్నవైనా అక్కడే ఉండిపోవచ్చు.

మౌని
ఇక్కడ ఎవరూ రక్తం సంగతి ఎత్తలేదు. మా అన్నయ్యకు గుండె కోసం రక్తాన్ని పలచన చేసే మాత్రలు వాడే అలవాటుంది. ఆ మాట మందుల జాబితాలో రాయడం మరిచిపోయాడు, అడిగినవారూ గట్టిగా అడగలేదు. చికిత్స జరిగిన రాత్రి నడుములో పోటు ఆగలేదు. స్కాన్ తీస్తే మూత్రపిండం చుట్టూ ఉండే పొర కింద రక్తం గడ్డకట్టి ఉంది. వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి, రక్తం ఎక్కించి, మళ్లీ మళ్లీ స్కాన్ తీస్తూ కాపాడారు. ఆపరేషన్ అవసరం పడలేదు. కోత లేదన్నంత మాత్రాన లోపల గాయం ఉండదని అనుకోకండి.

స్టెతస్కోపు
మౌని గారు చెప్పినది అరుదైనదే గాని, మరిచిపోకూడనిది. లక్షణాలు కనిపించేంత పెద్ద రక్తపు గడ్డ నూటికి ఒకరి కన్నా తక్కువ మందిలో వస్తుంది. రక్తం గడ్డకట్టే శక్తి తక్కువ ఉన్నవారికి, గర్భిణులకు, మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గనివారికి, మూత్రపిండం దగ్గర ధమని ఉబ్బి ఉన్నవారికి ఈ చికిత్స చేయరు. పలచన మాత్రలు వాడేవారు వాటిని తమంతట తాము ఆపకూడదు. రాయి కోసం ఆపితే గుండె ఇబ్బంది పడవచ్చు. రాసిచ్చిన వైద్యుణ్ణి అడిగి, ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మొదలుపెట్టాలో తేల్చుకోవాలి. ఆపడమే కుదరని వారికి గొట్టంతో చేసే లేజర్ మంచిది.

కొత్తపేజీ
మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు ఈ చికిత్స చేయించాం. అంత చిన్నవాడు కదలకుండా పడుకోడు కాబట్టి పూర్తి మత్తు ఇచ్చారు. తరంగం గాలి ఉన్న ఊపిరితిత్తికి తగిలితే గాయమవుతుందని ఛాతీకి అడ్డుగా నురుగు పలక పెట్టారు. 9 మిల్లీమీటర్ల రాయి ఒకే సిట్టింగ్‌తో పోయింది. పెద్దవాళ్ల కన్నా పిల్లలకు ముక్కలు బాగా దిగుతాయని అప్పుడు డాక్టరమ్మ చెబితే నన్ను ఓదార్చడానికేమో అనుకున్నాను.

స్టెతస్కోపు
ఓదార్పు కాదు, నిజమే. పిల్లల మూత్రనాళం పొట్టిగా, సాగే గుణంతో ఉంటుంది. చర్మం నుంచి రాయి దాకా దూరం కూడా తక్కువే.

పాతకాపు
ఈ తరంగాల వల్ల తరవాత రక్తపోటు, మధుమేహం వస్తాయని ఎక్కడో చదివి నేను చాలా రోజులు భయపడ్డాను. నాకిప్పుడు రక్తపోటు ఉంది. అది తరంగాల వల్ల వచ్చిందో వయసు వల్ల వచ్చిందో ఎవరు చెప్పాలి?

స్టెతస్కోపు
మీరు చదివినది 2006లో వచ్చిన ఒక పరిశీలన అయి ఉంటుంది. 1985లో ఈ చికిత్స పొందినవారిని 19 ఏళ్ల తరవాత చూస్తే ఆ రెండు జబ్బులూ ఎక్కువగా కనిపించాయని అందులో రాశారు. తరవాత ఎక్కువ మందిని చూసిన పరిశీలనల్లో ఆ సంబంధం నిలబడలేదు. రాళ్లు వచ్చేవారిలోనే రక్తపోటూ, అధిక బరువూ, మధుమేహమూ ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఏది దేనివల్ల అన్నది విడదీయడం కష్టం. మీ విషయంలో నేను వయసు వైపే మొగ్గుతాను.

పాతకాపు
వయసు వైపు మొగ్గడం మీ వయసువారికి తేలికే.

గులకరాయి
అర్ధరాత్రి_నొప్పి గారికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. అమెరికాలో ఒక వైద్యుడు త్రీడీ ముద్రణతో చేసిన మూత్రపిండం నమూనాలో రాళ్లు పెట్టి, దాన్ని సంచిలో వేసుకుని ఫ్లోరిడాలోని వినోద పార్కులో రోలర్ కోస్టర్ ఎక్కాడు. వెనక సీటులో కూర్చున్నప్పుడు నూటికి 64 సార్లు, ముందు సీటులో 17 సార్లు రాయి బయటకు జారిందట. 2018లో దీనికి, ముందు నవ్వించి తరవాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. కాబట్టి వెనక సీటుకు టికెట్టు తీసుకోండి.

భౌతికం_మాస్టారు
అది బొమ్మ మూత్రపిండం, అందులో పెట్టినవి చిన్న రాళ్లు. బండి మీద ఎక్కి 6 మిల్లీమీటర్ల ముక్కను మూత్రనాళంలోకి దింపుకుంటే అక్కడే ఇరుక్కుని, పార్కులో అరుపులు రోలర్ కోస్టర్ వల్ల కావు, నొప్పి వల్ల అవుతాయి.

తరంగిణి
నవ్వుకోవడానికి చెప్పినా దాని వెనక ఒక ఆలోచన ఉంది. కింది గదిలో ముక్కలు మిగిలినవారిని, ఎక్కువ నీళ్లు తాగించి, తల కిందికి ఉండేలా వాల్చి, నడుము మీద తడుతూ ముక్కలను జరిపే పద్ధతి నిజంగానే ఉంది. దానివల్ల కొందరికి మేలు జరిగిందని పరీక్షల్లో కనిపించింది. అయితే అది 4 మిల్లీమీటర్లో అంతకన్నా తక్కువో ఉన్న ముక్కలకు. మీ 6 దానికి లొంగదు.

అర్ధరాత్రి_నొప్పి
ముక్కలు దిగడానికి ఒక మాత్ర రాసిచ్చారు, అది ప్రోస్టేట్ మాత్ర అని పెట్టె మీద చూసి కంగారు పడ్డాను. రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగుతున్నాను. ఇంకేమైనా చేయవచ్చా?

స్టెతస్కోపు
అది టామ్సులోసిన్ అయి ఉంటుంది. ప్రోస్టేట్ దగ్గరలాగే మూత్రనాళం కింది భాగంలోని కండరాన్ని కూడా అది సడలిస్తుంది, అందుకే ముక్కలు దిగడానికి ఇస్తారు. లేచి నిలబడినప్పుడు తల తిరిగితే చెప్పండి. నీళ్లు మాత్రం ఐదు లీటర్లు అక్కర లేదు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత తాగితే చాలు. నొప్పి పొంగినప్పుడు బలవంతంగా తాగితే రాయి జారదు, వాంతి అవుతుంది. మరొక విషయం, మొదటి రోజుల్లో పడిన ఇసుకను దాచారా?

అర్ధరాత్రి_నొప్పి
దాచలేదు. దాచాలని ఎవరూ చెప్పలేదు.

తరంగిణి
వడకట్టు ఇచ్చి మూత్రాన్ని వడగట్టమని చెప్పడం చికిత్సలో భాగం. ఆ ముక్కలను పరీక్షిస్తే రాయి దేనితో తయారైందో తెలుస్తుంది. మా నాన్నగారి రాయి ఎక్స్-రేలో అసలు కనబడలేదు, అల్ట్రాసౌండ్‌లో మాత్రం కనబడింది. చివరకు అది యూరిక్ ఆమ్లపు రాయి అని తేలింది. మూత్రాన్ని క్షార గుణం వైపు తిప్పే పొటాషియం సిట్రేట్ మందుతో మూడు నెలల్లో కరిగిపోయింది. ఆయనకు షాక్ వేవ్ అవసరమే పడలేదు. బల్ల నడిపేది నేనైనా, ఆయన నా బల్ల ఎక్కకుండానే బయటపడ్డారు.

ఎర్రసిరా
మీ సొంత వారికి మాత్రం బల్ల ఎక్కనివ్వలేదు. ఈ మాట నేను రాసిపెట్టుకుంటాను.

తరంగిణి
రాసిపెట్టుకోండి. పక్కనే, మా చిన్నాన్నకు మూత్రపిండపు మధ్య భాగంలో 8 మిల్లీమీటర్ల రాయి, 640 యూనిట్లు ఉంటే నేనే నా చేతుల మీదుగా చేసి పంపించానని కూడా రాసుకోండి. ఆయన మూడో రోజు పనికి వెళ్లారు.

అర్ధరాత్రి_నొప్పి
ఐదు వారాల తరవాత మళ్లీ రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. పై అంకెలన్నీ కాగితం మీద రాసుకుని డాక్టరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన కోప్పడలేదు. కొంచెం సేపు సీటీని చూసి, రెండోసారి తరంగాలు వాడితే ముక్కలు మరింత పగులుతాయి గాని కింది గదిలోంచి బయటకు రావడం మీద తనకు పెద్ద ఆశ లేదని ఒప్పుకున్నారు. మూత్రమార్గం గుండా సన్నని వంగే గొట్టం పంపి లేజర్‌తో పొడి చేయించుకున్నాను. తరవాత పది రోజులు స్టెంటు ఉంది. ఆ పది రోజుల గురించి ఇక్కడ ఎవరూ నన్ను హెచ్చరించలేదు. మూత్రానికి వెళ్లినప్పుడల్లా నడుము దాకా పట్టేసేది, షాక్ వేవ్ బల్లే నయమనిపించింది. తీసిన ముక్కలు కాల్షియం ఆక్సలేట్ మోనోహైడ్రేట్ అని పరీక్షలో వచ్చింది.

స్టెతస్కోపు
షాక్ వేవ్‌కు మొండిగా ఎదురు తిరిగే రాళ్లలో అదొకటి. బ్రషైట్, సిస్టీన్ కూడా ఆ కోవలోవే. అదే కాల్షియం ఆక్సలేట్ డైహైడ్రేట్ అయి ఉంటే సులువుగా పగిలేది. ఇప్పుడు ఇరవై నాలుగు గంటల మూత్ర పరీక్ష చేయించుకోండి. ఉప్పు తగ్గించండి, కాల్షియం మాత్రం తగ్గించకండి. భోజనంలో కాల్షియం తగ్గితే పేగుల్లో ఆక్సలేట్‌ను పట్టుకునేది లేక అది ఎక్కువగా రక్తంలోకి చేరుతుంది. ఒకసారి రాయి వచ్చినవారిలో దాదాపు సగం మందికి పదేళ్ల లోపు మళ్లీ వస్తుంది.

ఎర్రసిరా
మొదటి రోజే లేజర్ అని నేను చెప్పాను కదా.

తరంగిణి
మీరు రాయిని చూడకుండా చెప్పారు, నేను రిపోర్టు చూసి చెప్పాను. ఇద్దరం ఒకే చోటికి వచ్చినంత మాత్రాన ఒకే దారిన రాలేదు.

అర్ధరాత్రి_నొప్పి
మరొక విషయం అడగాలి. రోజూ నన్ను దెప్పిన మా బావగారికి నిన్న అర్ధరాత్రి నొప్పి వచ్చింది. సీటీలో మూత్రపిండం మధ్య భాగంలో 7 మిల్లీమీటర్ల రాయి, 580 యూనిట్లు, చర్మం నుంచి 8 సెంటీమీటర్లు. లోపలికి గొట్టం పంపుతారంటే వణికిపోతున్నారు. ఈ అంకెలు చూస్తే ఆయనకు షాక్ వేవే సరిపోతుందని నాకనిపిస్తోంది, కాని ఆ మాట నా నోటి నుంచి చెబితే వినరు. తరంగిణి గారు ఇక్కడ ఒక్క వాక్యం రాస్తే చూపిస్తాను.

తరంగిణి
జ్వరం లేకపోతే, పలచన మాత్రలు వాడకపోతే, ఆయన్ను నిశ్చింతగా బల్ల ఎక్కమనండి. మూత్రం వడగట్టుకోవడానికి వడకట్టు ముందే కొని పెట్టుకోమనండి.

గులకరాయి
దెబ్బలు లెక్కపెట్టమని కూడా చెప్పండి.